మీటింగుకు రానివాళ్లతో మొదలుపెట్టండి

శ్రావణమాసంలో ఉరుకుంద చూసినవాళ్లు ఆ ప్రాంతం గురించి ఒక అంచనాకు వచ్చేస్తారు. ఈరన్న స్వామి దర్శనానికి కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి, మన కర్నూలు జిల్లా నలుమూలల నుంచి జనం పోటెత్తుతారు. సోమవారాలూ గురువారాలూ అయితే కాలు పెట్టే సందుండదు. తాగునీళ్లు చాలవు, మరుగుదొడ్లు చాలవు, బస్సులు చాలవు. ఆ రద్దీలో చెమటలు కక్కుతూ నిలబడ్డ దాత ఎవరైనా 'ఈ చుట్టుపక్కల ఊళ్లకు పెద్ద వాటర్ ప్లాంటు ఒకటి పెట్టించాల్సిందే' అనుకుంటాడు. అదే మనిషి సంక్రాంతి దాటాక ఒక మామూలు మంగళవారం కౌతాళం, కోసిగి, పెద్దకడబూరు మండలాల్లోని లోపలి ఊళ్లు తిరిగితే వరసగా తాళాలు పడ్డ ఇళ్లు కనిపిస్తాయి. అరుగు మీద ముసలమ్మ, ఆమె పక్కన ఇద్దరు మనవళ్లు. మిగతా ఇంటిల్లిపాదీ గుంటూరు మిరపచేలల్లో ఉంటారు.

మన పడమటి మండలాల వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. సుగ్గికి పోవడం అంటే ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. చేలో పంట ఉన్నా లేకున్నా, మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టాడంటే మూటా ముల్లె సర్దుకుని లారీ ఎక్కాల్సిందే. కొందరు దీపావళికి ముందే పత్తి తీతకు కర్ణాటకకో తెలంగాణకో పోతారు, ఎక్కువమంది మిరప కోతలకు పోయి ఉగాదికి తిరిగొస్తారు. ఆదోని మార్కెట్‌కు పత్తి పండించి పంపే నేల మీదివాళ్లే పక్క రాష్ట్రంలో పత్తి తీయడానికి పోతారన్నది వినడానికి వింతగా ఉన్నా, వానను నమ్ముకున్న రెండెకరాల చేను ఏడాది పొడుగునా కుటుంబాన్ని సాకలేదు కదా.

ఈ పుస్తకంలో ఇంతవరకూ మనల్ని మనం దిద్దుకోవడం గురించి మాట్లాడుకున్నాం. ఈ అధ్యాయం ఊరికి ఏదైనా చేద్దామని తపనపడేవాళ్లకు. మీరు సర్పంచి కావచ్చు, సచివాలయ ఉద్యోగి కావచ్చు, డ్వాక్రా లీడరమ్మ కావచ్చు, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ సొంతూరికి లక్ష రూపాయలు పంపాలనుకునే కుర్రాడు కావచ్చు. మీ అందరికీ నేను చెప్పేది ఒకటే. మీ ప్రాజెక్టు నిలబడుతుందా లేదా అన్నది మీటింగుకు వచ్చినవాళ్లను బట్టి తేలదు. రానివాళ్లెవరు, ఎందుకు రాలేదు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ముందు క్యాలెండరు

పేద ఊళ్లలో పనికి దిగేవాళ్లు మొదట మ్యాపు గీస్తారు. వీధులు, బోర్లు, బడి, ట్యాంకు, ఎస్సీ కాలనీ అన్నీ చక్కగా గుర్తిస్తారు. మంచిదే. కానీ మన దగ్గర మ్యాపు కంటే ముందు గీయాల్సింది క్యాలెండరు. పన్నెండు గళ్లు గీసి, ఏ నెల ఎన్ని ఇళ్లకు తాళాలుంటాయి, ఏ నెల కాలువలో నీళ్లుంటాయి, ఏ నెల చేతిలో డబ్బు ఆడుతుంది, ఏ నెల అప్పు పుట్టదు అన్నది రాయాలి. ఇది ఆఫీసులో కూర్చుని రాసేది కాదు. కిరాణా కొట్టు ఆయన్ని, అంగన్‌వాడీ టీచరమ్మను, రేషన్ డీలరును, ఆటో నడిపే పిల్లవాడిని అడిగితే ఒక పూటలో తయారవుతుంది. ఎవరింట్లో ఎవరున్నారో పంచాయతీ రిజిస్టరు కంటే కొట్టు అప్పుల పుస్తకం బాగా చెప్తుంది.

క్యాలెండరు లేకపోతే ఏమవుతుందో ఒక లెక్కలో చూద్దాం. ఇది ఉజ్జాయింపు లెక్క, అంకెలు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. ఊళ్లో దాతలు ఆర్వో ప్లాంటు పెట్టారు. రోజుకు 200 క్యాన్లు, క్యాను 5 రూపాయలు. నెలకు 30 వేల రాబడి. నడిపే పిల్లవాడికి 10 వేలు, కరెంటు 8 వేలు, ఫిల్టర్లూ మందులూ 4 వేలు పోగా 8 వేలు మిగులు. అందరికీ సంతోషమే. సుగ్గి మొదలయ్యాక రోజుకు 80 క్యాన్లు పోతే గొప్ప. రాబడి 12 వేలకు పడిపోతుంది. కరెంటు సగమైనా, ఫిల్టర్ల ఖర్చు తగ్గినా, జీతం తగ్గదు. ఖర్చు 16 వేలు. నెలకు 4 వేలు చేతినుంచి పడుతుంది.

ఏడాది మొత్తం కూడి చూడండి. ఎనిమిది నెలల్లో మిగిలింది 64 వేలు, నాలుగు నెలల్లో పోయింది 16 వేలు. ఇంకా 48 వేలు చేతిలో ఉండాలి. మెంబ్రేన్ మార్చడానికో మోటారు వైండింగుకో అది అక్కరకొస్తుంది. అంటే లెక్క ప్రకారం ప్లాంటు లాభంలోనే ఉంది, అయినా సంక్రాంతి తర్వాత మూతపడుతుంది. ఎందుకంటే మంచి నెలల్లో మిగిలింది మిగులుగా కనిపించింది, ఎవరో దాన్ని జాతరకు పందిరి వేయడానికో వినాయకుడి మండపానికో వాడేశారు. సుగ్గి నాలుగు నెలల నష్టాన్ని ముందే రాసుకుని, ఆ డబ్బును విడిగా పోస్టాఫీసులో వేసుకున్న ఊళ్లో అదే ప్లాంటు నడుస్తుంది. ఆ నెలల్లో రోజు విడిచి రోజు రెండు గంటలు మాత్రమే తెరిచినా సరిపోతుంది. యంత్రం రెండు చోట్లా ఒకటే.

మరొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. కమిటీ బ్యాంకు ఖాతాకు సంతకాలు పెట్టే ఇద్దరిలో ఒకరు సుగ్గికి పోతే ఖాతా ఉగాది దాకా స్తంభించినట్టే. పంపుహౌసు తాళంచెవీ అంతే. కాబట్టి సంతకందారుల్లో ఒకరు ఏడాదంతా ఊళ్లో ఉండేవాళ్లే అయి ఉండాలి. చదువు, పలుకుబడి, పార్టీ అన్నీ ఆ తర్వాత చూడండి.

ఊళ్లో మిగిలేదెవరు

మీటింగు ఎక్కడ పెట్టారన్న దాంట్లోనే సగం సంగతి తేలిపోతుంది. గుడి మండపంలో పెడితే కొందరు మెట్ల కిందే నిలబడతారు. రచ్చకట్ట మీద పెడితే ఆడవాళ్లు దూరంగా చెంగు కప్పుకుని నిలబడి వింటారు, నోరు విప్పరు. పొద్దున పది గంటలకు పెడితే కూలికి పోయినవాళ్లుండరు. రాత్రి ఎనిమిదికి పెడితే రొట్టెలు కాల్చే వేళ, ఆడవాళ్లుండరు. కళ్లు కనిపించని మనిషికి, మంచంలో ఉన్న మనిషికి ఏ వేళైనా ఒకటే, వాళ్లను ఎవరూ పిలవరు. అందుకే ఒక పెద్ద మీటింగు బదులు నాలుగు చిన్న సమావేశాలు పెట్టుకోండి. ఎస్సీ కాలనీలో ఒకటి, నీళ్లు పట్టుకునే చోట ఒకటి, ఉపాధి పని జరిగే చోట ఒకటి, నడవలేనివాళ్ల ఇంటి ముందు ఒకటి. నాలుగో దాంట్లో ముగ్గురే ఉండొచ్చు. ఆ ముగ్గురి మాటా పుస్తకంలో మిగతావాళ్ల మాటతో సమానంగా ఎక్కాలి.

వికలాంగులకూ వృద్ధులకూ తగ్గట్టు కట్టాలంటే చాలామంది ఇంజినీర్లు 'ఊళ్లో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు సార్' అంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అంతకుముందు చట్టంలో ఉన్నవి 7. ఈ అంకె చెప్పినా ఆయన మనసు మారదు. మారాలంటే జనవరిలో తీసుకొచ్చి ఊరు చూపించాలి. నాలుగు నెలలపాటు ఆ ఊరు ముసలివాళ్లదీ, పిల్లలదీ, ప్రయాణం చేయలేనివాళ్లదీ. వంగలేని నడుములూ, మసకబారిన కళ్లూ అక్కడ మెజారిటీ. వాళ్లకు అందేలా కట్టకపోతే ఆ నాలుగు నెలలూ మీ ప్రాజెక్టు ఎవరికీ అందనట్టే. మిగతా జిల్లాల్లో ఇది దయగానో చట్టంగానో కనిపించొచ్చు, మన దగ్గర మాత్రం ఇది సరాసరి వాడకందార్ల లెక్క.

ఆ వాటర్ ప్లాంటు దగ్గరికే మళ్లీ పోదాం. వరదకు మునగకూడదని గది మూడు మెట్ల ఎత్తున కట్టారు. కార్డు పెట్టే పెట్టె గోడకు ఛాతీ ఎత్తున ఉంది, ఇంగ్లీషు అక్షరాలు వెలుగుతుంటాయి. 20 లీటర్ల క్యాను నిండితే 20 కిలోలు. కర్ర పట్టుకుని నడిచే ఆయనకు ఒక చెయ్యే ఖాళీ. ఆయన క్యాను నింపగలడు, దించలేడు. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. 5 లీటర్ల, 10 లీటర్ల కొలత కూడా పెట్టాలి. నీళ్లు పట్టే చోటు పక్కనే నడుమెత్తు దిమ్మె ఒకటి కట్టాలి, క్యాను నేల మీదికి దించి మళ్లీ ఎత్తే పని తప్పుతుంది. మెట్ల పక్కన వాలుదారి వేయాలి. దాని లెక్క ఒకటికి పన్నెండు, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. అంతకంటే నిటారుగా వేసిన వాలుదారి ఫోటోకు బాగుంటుంది గానీ, చక్రాల కుర్చీ దాని మీద వెనక్కి జారుతుంది. కట్టకముందు ఇవి కొద్దిపాటి ఖర్చులో, కాస్త స్థలంలో తేలిపోతాయి. కట్టాక అయితే గోడ పగలగొట్టాలి.

ప్రభుత్వ చట్టాల్లోనూ ఇలాంటి ఆలోచన ఉంది, అమల్లోనే కరువు. 2006 ఫిబ్రవరి 2న మన పొరుగునే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం చట్టంలోనే పనిచోట నీడ, తాగునీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలనీ రాశారు. ఈ ఒక్క నిబంధన ఖచ్చితంగా నడిచిన చోట చంటిపిల్ల తల్లి పనికి రాగలిగింది. ఆయా పనికి పెట్టుకునేది కూడా గడ్డపార పట్టలేని ఒక పెద్దావిడనే కాబట్టి ఆమెకూ కూలి దక్కింది. ఒక చిన్న నిబంధన ఇద్దరికి దారి చూపింది. మీ ప్రాజెక్టు కాగితాల్లో ఇలాంటి వాక్యం ఒక్కటైనా ఉందేమో వెతకండి.

అడగకుండా తవ్విన కాలువ

కర్నూలు జిల్లాలో ప్రాజెక్టు రాసే ప్రతివాళ్లూ కర్నూలు-కడప (కేసీ) కాలువ కథ తెలుసుకుని తీరాలి. ఆ కాలువ ఇప్పుడు రైతుల పాలిట ప్రాణం, నీళ్లు వదలడం ఒక వారం ఆలస్యమైతే ధర్నాలు జరుగుతాయి. పుట్టినప్పుడు దాని గతి వేరు. 1860ల్లో ఇంగ్లండులో వాటాలు అమ్మి పెట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దాన్ని తవ్వింది. పెట్టుబడికి 5 శాతం వడ్డీ వస్తుందని సర్కారు పూచీ ఇచ్చింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట, అక్కడినుంచి కడప దాకా కాలువ, నీళ్లు పారించుకోవడానికీ పడవలు నడపడానికీ. ఇంజినీరింగు పరంగా అది చిన్న పనేమీ కాదు.

నీళ్లొచ్చాయి, రైతులు తీసుకోలేదు. కంపెనీ వాళ్లకు ఇది అర్థం కాలేదు, నల్లరేగడి తెలిసినవాడికి అర్థమవుతుంది. రేగడి నేల వాన తేమను పట్టుకుని నెలలు దాచుకుంటుంది. అందులో జొన్న, పత్తి ఆ తేమతోనే పండుతాయి. దాని మీద కాలువ నీళ్లు పారిస్తే చేను బురదవుతుంది, పైగా తీరువ కట్టాలి. వరి వేయాలంటే చదును చేయాలి, గట్లు వేయాలి, ఎద్దులు కావాలి, అప్పు కావాలి. ఇన్ని మార్పులు చేసుకునే స్తోమత లేని రైతు 'నా జొన్న నాకు చాలు' అనుకున్నాడు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది, 1882లో సర్కారే కాలువను కొనేయాల్సి వచ్చింది.

దీన్ని రైతు మూర్ఖత్వంగా రాసినవాళ్లున్నారు. నేనలా అనుకోను. ఆ రైతు లెక్క సరైనదే. కాలువా పనికిరానిది కాదు, తర్వాతి తరాలు దాన్ని బంగారంలా వాడుకున్నాయి. మధ్యలో లోపించింది ఒక సంభాషణ. నేల ఏమిటి, దానికి ఎప్పుడు నీళ్లు కావాలి, పంట మారాలంటే రైతు చేతిలో ఏముండాలి అని తవ్వకముందు అడిగి ఉంటే, కాలువతో పాటు అప్పు సదుపాయం, ఎద్దులు, చదును పని కూడా లెక్కలోకి వచ్చేవి. ఇప్పుడు డ్రిప్పు పైపులు ఉచితంగా ఇచ్చినా అవి పశువుల కొట్టంలో చుట్టలు చుట్టి పడి ఉంటే, కారణం ఈ కోవలోనే వెతకండి.

కొలిచే టేపు రైతు చేతికిస్తే

అడిగి చేసిన పని కూడా మన జిల్లాలోనే జరిగింది. 2000ల మొదట్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజలాల యాజమాన్యం అనే ప్రాజెక్టు నడిచింది. కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ అనే ఏడు కరువు జిల్లాల్లో సుమారు 650 ఆవాసాల్లో పనిచేసింది. నంద్యాలలోని బర్డ్స్ సంస్థ దీనికి పెద్దన్నలా ఉండి మిగతా స్వచ్ఛంద సంస్థలను కలుపుకుంది.

ఆ ప్రాజెక్టు బోర్లు వేయలేదు, మోటార్లు ఇవ్వలేదు, సబ్సిడీలూ పంచలేదు. రైతులకు ఇచ్చింది వానమాపకం, నీటిమట్టం కొలిచే టేపు, వాటిని వాడే విద్య. టేపు కొసన బరువుంటుంది, బోరులోకి వదులుతూ పోతే అది నీళ్లకు తగలగానే పైన పెట్టె కూతపెడుతుంది. అప్పుడు టేపు మీద అంకె చదివి పుస్తకంలో రాస్తారు. పదిహేను రోజులకొకసారి ఇదే పని. ఆడవాళ్లూ కొలిచారు, చదువు అంతంతమాత్రం వచ్చినవాళ్లూ కొలిచారు. ఊరి గోడ మీద పెద్ద పట్టిక గీసి, వాన ఎంత, మట్టం ఎంత అని రంగుతో రాశారు.

దాని అసలు బలం రబీకి ముందు కనిపించేది. వానాకాలం అయ్యాక ఊరివాళ్లంతా కూర్చుని పంట-నీటి లెక్క వేసేవాళ్లు. భూమిలో ఇంత చేరింది, వరి వేస్తే ఇంత తాగుతుంది, వేరుశనగ ఇంత, పొద్దుతిరుగుడు ఇంత. అందరూ అనుకున్న పంటలే వేస్తే ఫిబ్రవరికి ఎన్ని బోర్లు ఎండుతాయో లెక్కే చెప్పేది. ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. లెక్క కళ్లెదుట చూసిన రైతులు చాలాచోట్ల తమంతట తామే వరి తగ్గించుకున్నారు. ఇది ప్రపంచ బ్యాంకు దాకా పోయి చర్చకు వచ్చింది.

మరో పక్క కూడా చెప్పాలి. ప్రాజెక్టు ముగిసి సంస్థలు వెళ్లిపోయాక కొలిచే అలవాటు అన్ని ఊళ్లలో అదే పట్టుతో నిలవలేదని తర్వాత పరిశీలించినవాళ్లు రాశారు. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. కొలిచే మనిషికి ఊరు ఏమిచ్చింది? జీతం వద్దనే అనుకుందాం, ఆయన సుగ్గికి పోతే టేపు ఎవరికిచ్చి పోవాలో ముందే రాసి ఉందా? ఒక మనిషి ఉత్సాహం మీద నిలిచిన పని ఆ మనిషి ఊళ్లో ఉన్నంతకాలమే ఉంటుంది. అందుకే ప్రతి బాధ్యతకూ ఇద్దరు కావాలి, ఆ ఇద్దరూ ఒకే మేస్త్రీ గుంపువాళ్లు కాకూడదు.

ఉన్నదేమిటో చూసి, లేనిది మాత్రం పెట్టడం

ఎమ్మిగనూరు పేరు చెప్పగానే దుప్పట్లు గుర్తొస్తాయి. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు, 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మొదటి రోజునే ఆయన మగ్గాలు పంచి, నేత నేర్పే శిక్షణ శిబిరాలు పెట్టి ఉంటే ఆ సంఘం పేరు మనకు తెలిసేది కాదు. నేతగాడికి మగ్గం ఉంది, విద్య తాతల నాటినుంచి ఉంది. లేనివి నూలు కొనే పెట్టుబడి, బట్ట అమ్ముకునే దారి. ఆ రెండింటి కోసమే అతను షావుకారు గుప్పిట్లో ఉండేవాడు. సహకార సంఘం సరిగ్గా ఆ రెండు చోట్లే చెయ్యేసింది. మరమగ్గాల పోటీకి, మారిన కాలానికి చేనేత తట్టుకోలేకపోయిన కథ వేరే. తరాల తరబడి ఒక పట్టణాన్ని నిలబెట్టిన ఆలోచన మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

1995 ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి సాయంతో కర్నూలుకు దగ్గరి ఓర్వకల్లులో మొదలైన పొదుపు సంఘాలదీ ఇదే దారి. రోజుకో రూపాయి పొదుపు చేయగల ఆడవాళ్లు ఉన్నారు, వాళ్లను కూర్చోబెట్టే మనిషి కావాలి. ఆ మనిషి దొరికాక పొదుపులక్ష్మి ఐక్య సంఘం తన పిల్లల కోసం సొంత బడి పెట్టుకునేదాకా ఎదిగింది. దాని గురించి చాలామంది రాశారు, మళ్లీ చెప్పను.

మీ ఊరికి పోయినప్పుడు 'మీకేం కావాలి' అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు సిమెంటు రోడ్డు, కల్యాణ మండపం తప్ప వేరే జవాబు రాదు, ఎందుకంటే అడిగేవాళ్లంతా ఇన్నేళ్లూ ఇచ్చింది అవే. 'ఇప్పుడు దీన్ని ఎలా నెట్టుకొస్తున్నారు పెద్దమ్మా' అని అడగండి. ఎస్సెస్ (వేసవి నిల్వ) ట్యాంకుకు నీళ్లు రాని వారం నీళ్లెక్కడివి? సుగ్గికి పోతే ఆవును ఎవరికి అప్పజెప్తారు? బడి పిల్లవాడిని సీజనల్ హాస్టల్లో వదిలారా, వెంట తీసుకుపోయారా, ఎందుకు? జనం ఇప్పటికే ఏదో ఒక ఏర్పాటు చేసుకుని ఉంటారు. ఆ ఏర్పాటులో తెగిన పోగు ఎక్కడుందో పట్టుకుంటే మీ ఖర్చు సగానికి తగ్గుతుంది.

బాగుచేసేవాడు

బోరింగు గురించి కొంచెం మాట్లాడతాను, ఎందుకంటే పేద ఊళ్ల కోసం మన దేశం తయారుచేసిన మంచి వస్తువుల్లో అదొకటి. 1970ల్లో యూనిసెఫ్ తోడ్పాటుతో రూపొందిన ఇండియా మార్క్-2 బోరింగు ఆఫ్రికా దాకా పోయింది. గట్టిది, వందల చేతులు కొట్టినా తట్టుకుంటుంది. కానీ లోపల వాషరు అరిగితే 32 మిల్లీమీటర్ల పైపుల వరస మొత్తం పైకి లాగాలి. నలుగురైదుగురు మనుషులు, బిగింపు పనిముట్లు, మండలం నుంచి మెకానిక్కు కావాలి. ఈ ఇబ్బంది చూసే మార్క్-3 చేశారు. అందులో పైపును 65 మిల్లీమీటర్లకు పెంచారు, లోపలి పిస్టను ఆ పైపులోంచే పైకి వచ్చేస్తుంది, పైపులు కదపక్కర్లేదు. ఊళ్లోని ఇద్దరు మనుషులే చేసుకోవచ్చు. మొదటి దాంట్లో బలం చూశారు, రెండోదాంట్లో బాగుచేసే మనిషిని చూశారు. రెండోది కాస్త ఖరీదు, అయినా బాగుచేసేవాడు దూరంగా ఉండే ఊళ్లకు అదే చవక.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఆఫ్రికా దక్షిణ దేశాల్లో జరిగింది. పిల్లలు రంగులరాట్నం తిప్పుతుంటే నీళ్లొచ్చే ప్లేపంపు అనేదాన్ని చూసి దాతలు మురిసిపోయారు. 2006లో అమెరికా ప్రభుత్వం, అక్కడి దాతృత్వ సంస్థలు కలిసి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించాయి. ఆ పథకం పెట్టుకున్న లక్ష్యం అందుకోవాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని తర్వాత ఒక ఇంగ్లండు పత్రిక లెక్క తేల్చింది. పిల్లలు బడికి పోయాక దాన్ని వంగి తిప్పింది ముసలవ్వలే. చెడిపోతే బాగుచేసే విద్య ఊళ్లో ఎవరికీ లేదు. పెట్టినవాళ్లు మంచి మనసుతోనే పెట్టారు, నేనది కాదనను.

పెద్దవాటికీ ఇదే వర్తిస్తుంది. మన పడమటి మండలాలకు నీళ్లిచ్చే దిగువ కాలువ తుంగభద్ర డ్యాం నుంచే వస్తుంది. కాగితం మీద మన వాటా 24 టీఎంసీలు, చివరి ఆయకట్టుకు ఎన్ని చేరతాయో కౌతాళం, పెద్దకడబూరు రైతులనడగండి. 1953లో పూర్తయిన ఆ డ్యాంకు 33 గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. నిండుకుండలా ఉన్న జలాశయం నుంచి నీళ్లు దిగువకు పోతుంటే, రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడును పిలిపించి వారంలో తాత్కాలిక గేటు దించారు. డెబ్బై ఏళ్లు మోసిన గొలుసుది తప్పనలేం. కొత్త కట్టడానికి శంకుస్థాపన ఉంటుంది, పాత గొలుసు మార్చడానికి ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. బడ్జెట్లు రాసేవాళ్లు ఈ మాటకు నొచ్చుకోవచ్చు, నొచ్చుకోనివ్వండి.

ఇక కాగితం మీదికి రండి. మీ ప్రతిపాదనలో మొదటి పేజీలో ఎన్ని కుటుంబాలకు మేలు అని రాస్తారు, అది రాయండి. దాని కిందనే జనవరిలో ఎన్ని కుటుంబాలు ఊళ్లో ఉంటాయో రాయండి. ఖర్చు పట్టికలో కట్టుబడి ఖర్చు పక్కన మరో గడి గీసి, ఐదేళ్ల మరమ్మతుకు ఎంత, అది ఎవరి చేతినుంచి రావాలి అన్నది రాయండి. దాత 'మరమ్మతుకు మేం ఇవ్వం' అంటే, కట్టుబడి తగ్గించి చిన్నది కట్టండి. రెండు బోరింగులు కట్టి రెండూ మూలనపడే బదులు ఒకటి నడిస్తే చాలు. చివరి పేజీలో చెడిపోతే బాగుచేసే మనిషి పేరు, ఆ మనిషి సుగ్గికి పోతే ఆ పని చూసే రెండో మనిషి పేరు, ఇద్దరి ఫోను నంబర్లు ఉండాలి. ఆ రెండు పేర్లు దొరికేదాకా, డబ్బు ఖాతాలో పడినా సరే, దయచేసి పునాది తవ్వకండి.